చెమట దద్దుర్లకు అల్లెగ్రా 180: ఎవరికి మేలు, ఎవరికి అనవసరం

పరుగు మొదలుపెట్టి ఒళ్లు వేడెక్కగానే మెడ మీద, ఛాతీ మీద ఆవగింజంత దద్దుర్లు లేచి చిమచిమలాడే వారిలో చాలామందికి అల్లెగ్రా 180 బాగా పనిచేస్తుంది. ఇందులో ఉన్నది ఫెక్సోఫెనడిన్ 180 మిల్లీగ్రాములు. దద్దుర్లు, దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనం కణాల మీద అంటుకునే చోట్లయిన హెచ్1 గ్రాహకాలను ఇది అడ్డుకుంటుంది. మెదడులోకి దాదాపుగా చేరదు కాబట్టి మత్తు చాలా అరుదు. ఇతర అలర్జీ మందుల్లో సెట్రిజిన్‌తో కొందరికి పగలంతా కునుకు వస్తుంది. అవిల్‌ అయితే మత్తుతోపాటు చెమటనూ తగ్గిస్తుంది. మే నెల ఎండలో పరుగెత్తేవారికి అది నిజంగా ప్రమాదం.

మందు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికి రెండు మూడు గంటలు పడుతుంది. తెల్లవారుజామున వ్యాయామం చేసేవారు ముందురాత్రి వేసుకోవడమే మేలు. మంచినీళ్లతోనే మింగాలి. యాపిల్, కమలా రసంతో మింగితే పేగుల్లో శోషణ బాగా తగ్గిపోతుంది. "మాత్ర పనిచేయడం లేదు" అనే ఫిర్యాదుకు ఇదీ ఒక కారణమే. డైజీన్ లాంటి యాంటాసిడ్లకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి, అది డాక్టరే చెప్పాలి. కొనేటప్పుడు పేరు సరిచూసుకోండి: అల్లెగ్రా-ఎం వేరే మందు, అందులో మాంటెలుకాస్ట్ అనే మరో మందు కూడా ఉంటుంది.

దద్దుర్లు లేనివారు కసరత్తుకు ముందు దీన్ని అలవాటు చేసుకోవడం మాత్రం ఎంతమాత్రం మంచిది కాదు. గట్టిగా వ్యాయామం చేసినప్పుడు కండరాల్లోనే హిస్టమిన్ పుడుతుంది. కొంత మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాల నుంచి విడుదలవుతుంది, కొంత హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి అప్పటికప్పుడు తయారవుతుంది. అది హెచ్1, హెచ్2 గ్రాహకాల ద్వారా రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వ్యాయామం ఆపాక కూడా గంటకు పైగా కండరానికి రక్తం ఎక్కువగా అందేది అందుకే. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం 2021లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు వారాల సైకిల్ శిక్షణ పొందుతూ రెండు గ్రాహకాలనూ మందులతో మూసినవారికి శిక్షణ ఫలితం తగ్గింది. అయితే అక్కడ ఇచ్చిన ఫెక్సోఫెనడిన్ 540 మిల్లీగ్రాములు, పైగా హెచ్2ను ఆపే ఫామోటిడిన్ కూడా ఇచ్చారు. కాబట్టి దద్దుర్లకు రోజుకొక 180 మాత్ర వేసుకునేవారు కంగారుపడి మానేయక్కర్లేదు. ఎసిడిటీకి ఫామోటిడిన్ కూడా రోజూ వాడుతున్నవారు మాత్రం రెండూ నిజంగా అవసరమో కాదో డాక్టరును అడగడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఈ మాత్ర ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ అయిన అనాఫిలాక్సిస్‌ను ఆపలేదు. కొందరికి గోధుమ తిని పరుగెత్తితేనే ఆ ప్రమాదం వస్తుంది, గోధుమ గానీ పరుగు గానీ ఒక్కటే అయితే రాదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ దాన్ని ఇంకా తీవ్రం చేస్తాయి. అలాంటివారు తిన్నాక కనీసం నాలుగు గంటలు ఆగాలి, ఒంటరిగా పరుగెత్తకూడదు. పెదాలు వాచినా, గొంతు బిగుసుకున్నా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి వెల్లకిలా పడుకోవాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోవాలి. అప్పుడు కావలసింది తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్. వెంటనే 108కి ఫోన్ చేయాలి, ఇంకో మాత్ర వేసి చూద్దామని ఆగకూడదు.