నాయన జ్ఞాపకార్థ కూడికకి పిలిచిన పాటల టీమ్ గురించి

మా నాయన చనిపోయి ఏడాది అయిందని మొన్న జనవరిలో మద్దిపాడు దగ్గర మా ఊళ్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం, దానికి ఒంగోలు నుంచి ఒక పాటల టీమ్‌ని పిలిపించాం. ఐదుగురు వచ్చారు. పాడే తమ్ముడు (గిటార్ కూడా తనే), కీబోర్డ్, తబలా, డప్పు, ర్యాప్ పాడే కుర్రాడు. సౌండ్ బాక్సులతో కలిపి 22,000 తీసుకున్నారు, భోజనాలు మనవే. ఇలాంటి కూడికలకి ఎవర్ని పిలవాలో తెలియక తిరిగేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

వీళ్లు ట్రాక్ పెట్టి పాడేవాళ్లు కాదు. ఇంతకుముందు మా బంధువుల కూడికకి వచ్చిన వేరేవాళ్లు ఫోన్లో ట్రాక్ పెట్టి, అది మధ్యలో ఆగిపోతే పాట కూడా ఆపేసి నిలబడ్డారు, ఏడుస్తున్న మనుషుల ముందు అలా జరగడం నాకు చాలా బాధనిపించింది. వీళ్లు అన్నీ అక్కడే వాయిస్తారు.

మొదట పాత కీర్తన ఎత్తుకున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల పైన రాగం, తాళం పేర్లు అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి లాంటి వాళ్లు 19వ శతాబ్దంలోనే మన రాగాల్లో యేసు పాటలు కట్టారు. ఇప్పుడు మా మందిరంలో ఆ పేర్లు చూసేవాళ్లు లేరు, అన్నీ కీబోర్డ్‌లో ఒకే బీట్ మీద వెళ్లిపోతాయి. ఈ తమ్ముడు ముఖారి రాగంలో పల్లవి రెండుసార్లు తబలా ఒక్కదానితో నింపాదిగా పాడి, చరణం దగ్గర గిటార్ తీగను లాగి అదే గమకం పలికించాడు. అమెరికా నల్లజాతి వాళ్ల బ్లూస్ విన్నట్టూ ఉంది, మా అవ్వ పాడితే విన్నట్టూ ఉంది.

తర్వాత థామస్ డోర్సీ గురించి రెండు మాటలు చెప్పాడు. ఆయన అమెరికాలో బ్లూస్ పియానో వాయించిన నల్లజాతి మనిషి. 1932లో కాన్పులో భార్య పోయింది, పుట్టిన బిడ్డా దక్కలేదు, ఆ దుఃఖంలో దేవుణ్ణి తన చెయ్యి పట్టుకోమని ఆయన రాసిన పాట ఎన్నో దేశాల్లో ఈరోజుకీ పాడుతున్నారు. బ్లూస్ పోకడని దేవుడి పాటల్లోకి తెచ్చాడని మొదట్లో చాలా చర్చిల్లో ఆయన్ని ఒప్పుకోలేదట. ఇది చెప్తున్నంతసేపూ మా అమ్మ తల ఎత్తి అతని వైపే చూస్తూ కూర్చుంది, ఏడాదిగా కూడికల్లో తల దించుకునే ఉండేది.

ఇక డప్పు. జాతరకీ చావుకీ కొట్టేది కూడికలో ఎందుకని మా సంఘపెద్దలు ముందే అన్నారు. కానీ 1878 జులై 3న మాకు దగ్గర్లోనే, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలం అది. వాళ్లలో ఎక్కువమంది మా మాదిగలే, ఆ చేతులన్నీ డప్పు తెలిసిన చేతులే. మా తాత అయితే బాప్తిస్మం తీసుకున్నాక డప్పు అటక మీద పెట్టేశాడు, నాయన దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు కానీ కంచం మీద వేళ్లతో దరువు వేస్తుండేవాడు. ఆ రోజు మంచుకి తోలు మెత్తబడితే షామియానా పక్కన గడ్డి మంట వేసి కాచుకున్నారు. చావు దగ్గర కొట్టే దరువుతోనే మొదలుపెట్టారు, చిన్నగా, గొంతు కూడా పెద్దగా లేకుండా, అందరం బిగుసుకుపోయాం. సమాధి ఖాళీ అయిందనే చరణం రాగానే అదే డప్పు పెళ్లి దరువుకి మారిపోయింది, గిటార్ అందుకుంది, కీబోర్డ్ అందుకుంది, వెనక నిలబడ్డ ఆడవాళ్లు చప్పట్లు మొదలుపెట్టారు. పునరుత్థానం గురించి నేను వాక్యం చాలాసార్లు విన్నాను, ఒంటికి తెలిసింది మాత్రం ఆ రాత్రే.

ఒక పెద్దాయనకి మాత్రం నచ్చలేదు, మర్నాడు టీ దగ్గర నాతో అన్నాడు కూడా. పొద్దస్తమానం డప్పు కొట్టించుకుని కూలి కూడా సరిగా ఇవ్వని రోజులు ఆయన చూశాడు, ఆ చప్పుడు వింటే ఆయనకి అదే గుర్తొస్తుంది. ఆయన మాట కొట్టిపారేయలేను. అందుకే మీరు పిలిచేటట్టయితే ముందుగా ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడుకోండి.

ర్యాప్ నాకు నచ్చలేదు. కుర్రాడికి ఊపిరి బాగుంది, సాక్ష్యం కూడా నిజాయితీగా చెప్పాడు, కానీ బేస్ ఎక్కువై మాటలు వినపడలేదు, సగం ఇంగ్లీషే. పిల్లలు మాత్రం ముందుకొచ్చి నిలబడి విన్నారు. ఆరున్నరకి మొదలవ్వాల్సింది సౌండ్ సర్దుకునేసరికి ఏడు ఇరవై అయింది, పాస్టర్ గారు వాక్యం తగ్గించుకోవాల్సి వచ్చింది. మధ్యాహ్నమే వచ్చి బాక్సులు పెట్టుకోమని గట్టిగా చెప్పండి, ముసలివాళ్లని బాక్సులకి దూరంగా కూర్చోబెట్టండి. మీ ఇంట్లో ఇష్టంగా పాడుకునే కీర్తనలు వారం ముందే పంపితే నేర్చుకుని వస్తారు, మేము మూడు పంపాం, మూడూ పాడారు.

ఏప్రిల్లో మా చెల్లెలి మామగారి కూడిక ఉంది. ర్యాప్ ఒక్క పాటకే పరిమితం చేయమన్నాం, సరేనన్నారు. డప్పు పాట ఉండాల్సిందేనని అమ్మ చెప్పింది, అడ్వాన్స్ 5,000 నిన్ననే పంపాను.