ఎఫ్‌డీ వేయడానికి వెళ్తే ఇన్సూరెన్స్ అంటగట్టారు: ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు జాగ్రత్త

మీ అమ్మానాన్నల ఎఫ్‌డీ ఏదైనా ఈమధ్య మెచ్యూర్ అయ్యుంటే, వాళ్ళ బీరువా ఒకసారి తెరిచి చూడండి. మేం సంక్రాంతికి ఊరెళ్ళి తెరిచాం కాబట్టి బయటపడ్డాం.

నాన్నగారికి 66 ఏళ్ళు. సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. ఊరు తణుకు దగ్గర. పింఛను నెలకి 34 వేలు. డిసెంబరులో నాలుగు లక్షల ఎఫ్‌డీ గడువు తీరితే, మళ్ళీ వేయిద్దామని బ్యాంకుకి వెళ్ళారు. అక్కడ సీట్లో ఉండే కుర్రాడు మూడేళ్ళుగా తెలిసినవాడే. ఏటా ఏప్రిల్లో వడ్డీ మీద పన్ను పట్టుకోకుండా ఇచ్చే 15హెచ్ ఫారం నింపిపెట్టేది, పాస్‌బుక్ మెషిన్ మొరాయిస్తే లోపలికి తీసుకెళ్ళి ఎంట్రీలు వేయించేది అతనే. "బాబాయ్ గారూ, ఎఫ్‌డీకి ఇప్పుడేం వస్తుందండీ. మన బ్యాంకులోనే కొత్త స్కీము వచ్చింది. ఒక్కసారి వేస్తే చాలు, ఏటా గ్యారంటీగా డబ్బొస్తుంది, ఇన్సూరెన్స్ కూడా ఫ్రీ" అన్నాట్ట. టీ తెప్పించాడు. తొమ్మిది చోట్ల సంతకాలు పెట్టించుకున్నాడు. ఓటీపీ వస్తే నాన్నగారి ఫోను తీసుకుని తనే కొట్టేశాడు.

చివర్లో ఇంకో మాట చెప్పాడు. "రేపు కంపెనీ నుంచి ఫోనొస్తుందండి. ఏం అడిగినా అవునని చెప్పండి, లేకపోతే ప్రాసెస్ ఆగిపోద్ది." పాలసీ ఇచ్చే ముందు కంపెనీ చేసే వెరిఫికేషన్ కాల్ అది. ఇది ఏటా ప్రీమియం కట్టాల్సిన పాలసీ అని మీకు తెలుసా, ఎఫ్‌డీ కాదని తెలుసా అని అడిగేది అందులోనే. అంటే కొనేవాళ్ళని కాపాడడానికి పెట్టిన కాల్ అన్నమాట. అవతలి అమ్మాయి గబగబా చదువుకుపోతుంటే ఈయన అన్నిటికీ అవునన్నారు. ఆ రికార్డింగు కంపెనీ దగ్గర భద్రంగా ఉంటుంది. రేపు మనం గొడవపడితే మనకే వినిపిస్తారు.

పండక్కి వెళ్ళినప్పుడు నాన్నగారి పెన్షన్ కాగితం కోసం బీరువా వెతుకుతుంటే ఒక మందపాటి కవరు కనపడింది. లోపల రంగురంగుల పాలసీ బాండు. మూడో పేజీలో చిన్న పట్టిక. ప్రీమియం: 4 లక్షలు. చెల్లించే విధానం: ఏటా. ప్రీమియం చెల్లించే కాలం: 7 సంవత్సరాలు. పాలసీ కాలం: 12 సంవత్సరాలు. ఆయన ఏడాది పింఛను మొత్తం 4 లక్షల 8 వేలు. ఏడేళ్ళు అది మొత్తం వీళ్ళకి పోసి, మిగిలిన ఎనిమిది వేలతో అమ్మా నాన్నా ఏడాదంతా బతకాలి.

ఇంత ప్రీమియం కట్టే స్థోమత ఉందని కంపెనీ ఎలా ఒప్పుకుందా అని ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం పెట్టే దరఖాస్తు, కాపీ చూశాను. బాండు వెనకే కుట్టి ఉంది. వృత్తి: వ్యవసాయం. వార్షికాదాయం: 14 లక్షలు. మాకున్నది ముప్పావు ఎకరం కొబ్బరి తోట. దింపు కూలికీ కాయల డబ్బుకీ సరిపోతే గొప్ప. ఈమెయిల్ దగ్గర ఎవరిదో ఐడీ రాసుంది. నాన్నగారికి అసలు ఈమెయిలే లేదు. సంతకం మాత్రం ఆయనదే, ముత్యాల్లాంటి అక్షరాలు. ఖాళీ ఫారం మీద పెట్టించుకుని తర్వాత నింపుకున్నారు. నింపిన ఫారం కాపీ అడిగి తీసుకునే హక్కు మనకుందని ఆయనకి ఎవరు చెప్పారు గనక.

రెండో ఏడాది కట్టకపోతే ఏమవుతుందంటే, 2024 అక్టోబరు నుంచి వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం ఇలాంటి పాలసీలకి ఒక ఏడాది ప్రీమియం కట్టి, ఏడాది గడిస్తే ఎంతో కొంత సరెండర్ విలువ (పాలసీ మధ్యలో వదిలేస్తే తిరిగిచ్చే డబ్బు) ఇవ్వాలి. కానీ కట్టింది మొత్తం రాదు. అందుకే ఏడాది తర్వాత రెన్యువల్ మెసేజ్ వచ్చినప్పుడు కళ్ళు తెరుస్తే అప్పటికే చాలా పోయినట్టు.

మర్నాడే నాన్నగారితో కలిసి బ్యాంకుకి వెళ్ళాను. కుర్రాడు నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. పాలసీ రద్దు చేయమంటే "పదిహేను రోజులు దాటిపోయాయి మేడమ్, ఇప్పుడేం చేయలేం. కావాలంటే వేరే ప్లాన్‌లోకి మారుస్తాను" అన్నాడు. ఇది దయచేసి అందరూ గుర్తుంచుకోండి. నచ్చని పాలసీని వెనక్కిచ్చే గడువుని ఫ్రీ లుక్ అంటారు. 2024 ఏప్రిల్ నుంచి అది 30 రోజులు. పైగా లెక్క పాలసీ జారీ చేసిన రోజు నుంచి కాదు, కాగితాలు మన చేతికి అందిన రోజు నుంచి. వేరే ప్లాన్‌లోకి మారుస్తాననడం కూడా మాయే. ఆ మాటల్లో పెట్టి మిగిలిన రోజులు కూడా గడిపేస్తారు.

ఇక్కడే నాన్నగారి పాత అలవాటు మమ్మల్ని ఆదుకుంది. నలభై ఏళ్ళు పోస్టాఫీసులో పనిచేసిన మనిషి, ఇంటికొచ్చిన ప్రతి కవరు మీదా ఎర్ర ఇంకుతో అందిన తేదీ వేస్తారు. పెళ్ళి శుభలేఖల మీద కూడా వేస్తారు, ఎప్పుడూ నవ్వుకునేవాళ్ళం. ఆ కవరు మీద 27-12 అని ఉంది. స్పీడ్ పోస్టు నంబరు కొట్టి చూస్తే డెలివరీ తేదీ అదే. అంటే ఆ రోజుకి ఇరవై రోజులే. మీరు కూడా బాండు కవరు పారేయకండి.

ఇంకో సంగతి. బ్యాంకు మధ్యవర్తే, పాలసీ ఇచ్చింది ఇన్సూరెన్స్ కంపెనీ. రద్దు ఉత్తరం బ్యాంకు కుర్రాడి చేతికిస్తే అది అతని సొరుగులోనే ఉండిపోవచ్చు. మేం భీమవరంలో కంపెనీ బ్రాంచికి వెళ్ళి, పాలసీ నంబరు, బాండు అందిన తేదీ, ఎఫ్‌డీ అని చెప్పి అమ్మారన్న విషయం, ఫారంలో తప్పుడు ఆదాయం రాశారన్న విషయం రాసిచ్చి, కాపీ మీద సీలు, సంతకం, తేదీ వేయించుకున్నాం. అదే ఉత్తరం కంపెనీ గ్రీవెన్స్ ఈమెయిల్‌కి కూడా పంపాం. ఆ రాత్రి కుర్రాడు ఇంటికొచ్చాడు. "ఉద్యోగం పోతుంది బాబాయ్ గారూ, టార్గెట్లండీ, పైనుంచి ప్రెషర్" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. టార్గెట్లు నిజమే అయ్యుంటాయి, అతన్ని చూస్తే జాలే వేసింది. కానీ 14 లక్షల ఆదాయం అని రాసింది అతని చెయ్యే కదా. నాన్నగారు మాత్రం మంచినీళ్ళిచ్చి పంపించారు.

రెండు వారాలకి డబ్బు ఖాతాలో పడింది, మూడు వేల చిల్లర తగ్గి. స్టాంపు డ్యూటీ, బీమా నడిచిన అన్ని రోజులకి రిస్క్ ప్రీమియం పట్టుకుంటారు, అది న్యాయమే.

కంపెనీ ఒప్పుకోకపోతే బీమా కంపెనీలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ళ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసా ఉంది, లేదా 155255కి ఫోన్ చేయొచ్చు. కంపెనీకి ఫిర్యాదిచ్చి నెల గడిచినా జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. రెండు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వాళ్ళు తేల్చగలరు. కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాది లోపు వెళ్ళాలి.

ఫోన్లలో జరిగేది ఇంకా ఘోరం. మా పెద్దమ్మకి ఐఆర్‌డీఏఐ ఆఫీసు నుంచి అంటూ ఒకడు ఫోన్ చేశాడు. పోయిన పెదనాన్న పాత పాలసీ వివరాలన్నీ చెప్పాడు. బోనస్ లక్షా ఎనభై వేలు ఆగిపోయిందట, అది విడుదల కావాలంటే ముందు అరవై వేలు పెట్టి కొత్త పాలసీ తీసుకోవాలట. ఆవిడ గాజులు తాకట్టు పెట్టి కట్టింది. ఆ సంస్థ పాలసీలు అమ్మదు, బోనస్‌లు ప్రకటించదు, వాళ్ళే పదే పదే ప్రకటనలిచ్చి చెబుతున్నారు. పెద్దమ్మ డబ్బు ఇంతవరకు రాలేదు.

నాన్నగారు ఆ నాలుగు లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేశారు. ఆయన వేసినప్పుడు 8.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి చేతికొస్తుంది. ఉద్యోగంలో ఉండగా ఊళ్ళో ఎంతమందితో కట్టించారో ఆ స్కీము. "నేనే పడ్డానే అమ్మాయ్" అని పది రోజులు సరిగ్గా భోంచేయలేదు. మెచ్యూర్ అయిన రోజు నాకు ఎందుకు ఫోన్ చేయలేదంటే, "నీకు ఆఫీసు టెన్షన్లు ఉంటాయి కదా" అన్నారు.

అమ్మ పేరు మీద ఉన్న ఎఫ్‌డీ ఆగస్టులో మెచ్యూర్ అవుతుంది. ఆ రోజుకి సెలవు ఇప్పుడే పెట్టేశాను.