విండోస్ సెక్యూరిటీ రివ్యూ: కాపలా బాగుంది, కబురు చెప్పే తీరే బాలేదు

ముందే చెప్పేస్తున్నా, ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కి విండోస్‌తో పాటు వచ్చే ఈ విండోస్ సెక్యూరిటీ చాలు, డబ్బులు పోసి వేరే యాంటీవైరస్ కొనక్కర్లేదు. మా చుట్టాల్లో, ఆఫీసులో ఎవరడిగినా ఇదే చెబుతూ వస్తున్నాను, ఇప్పటికీ నా మాట అదే. కానీ అప్‌డేట్ పడిన మర్నాడు ఈ యాప్ పెట్టే టెన్షన్ సంగతి కూడా ఎవరో ఒకరు రాయాలి కదా. వైరస్‌ని పట్టుకోవడంలో దానికి వంక పెట్టలేం. నేను పనిచేస్తున్నానా లేదా, ఇప్పుడు మీరు భయపడాలా వద్దా అని మనకు చెప్పే దగ్గరే తడబడుతుంది. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం దాని మీదే.

దీని చరిత్ర రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను. మైక్రోసాఫ్ట్ 2004 చివర్లో జెయింట్ అనే చిన్న కంపెనీని కొని, వాళ్ల యాంటీ స్పైవేర్‌నే డిఫెండర్‌గా మార్చింది. విస్టా, విండోస్ 7 రోజుల్లో అది స్పైవేర్ వరకే చూసేది, వైరస్‌ల జోలికి పోయేది కాదు. 2012లో విండోస్ 8తో పూర్తి యాంటీవైరస్ అయింది, 2018 అక్టోబర్ అప్‌డేట్‌తో దాన్ని చూపించే యాప్‌కి విండోస్ సెక్యూరిటీ అన్న ఇప్పటి పేరు వచ్చింది, లోపల పనిచేసే యాంటీవైరస్ పేరు మాత్రం డిఫెండరే. అప్పట్లో 'ఉత్త డమ్మీ' అని పడిన పేరు మాత్రం ఇంకా పోలేదు, కంప్యూటర్ షాపుల్లో ఇప్పటికీ ఆ మాటే చెప్పి యాంటీవైరస్ బాక్సు చేతిలో పెడుతుంటారు. ఏవీ-టెస్ట్ లాంటి ల్యాబుల పరీక్షల్లో అది కొన్నేళ్లుగా డబ్బులిచ్చి కొనే వాటితో సమానంగా మార్కులు తెచ్చుకుంటోంది.

ఇక అసలు విషయం. అప్‌డేట్ అయ్యాక కింద గడియారం పక్కనున్న షీల్డ్ మీద పసుపు గుర్తు వచ్చింది అంటే ఏంటి? నిజంగా ప్రమాదమా, ఉత్తుత్తిదా? దీనికి నాకు తెలిసి అందరికంటే పెద్ద ఉదాహరణ 2023 మార్చిలో విండోస్ 11 వాళ్లకి జరిగింది. కేబీ5007651 అనే డిఫెండర్ ప్లాట్‌ఫామ్ అప్‌డేట్ పడింది, ఆ వెంటనే 'లోకల్ సెక్యూరిటీ అథారిటీ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంది, మీ కంప్యూటర్‌కి ప్రమాదం ఉండొచ్చు' అని హెచ్చరిక మొదలైంది. లోపలికెళ్లి చూస్తే ఆ స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది, రీస్టార్ట్ చేయమంటుంది, చేస్తాం, మళ్లీ అదే హెచ్చరిక, మళ్లీ రీస్టార్ట్ చేయమంటుంది. ప్రపంచమంతా ఇదే గోల. చివరికి మైక్రోసాఫ్టే ఒప్పుకుంది, మీరు దాన్ని ఆన్ చేసి ఒకసారి రీస్టార్ట్ చేసి ఉంటే ఇక ఆ హెచ్చరికను కొట్టేసి పట్టించుకోకండి అని. సరిచేయడానికి నెలలు పట్టింది, మధ్యలో ఒక అప్‌డేట్‌తో ఆ స్విచ్‌నే తీసేసి ఇంకో కొత్త సెట్టింగ్‌ని తెచ్చి పెట్టేసరికి జనం మరింత అయోమయంలో పడ్డారు.

ఈ లోకల్ సెక్యూరిటీ అథారిటీ అంటే మన లాగిన్ వివరాలు మెమరీలో ఉంచుకునే భాగం. లోపలికి చొరబడిన దొంగ ముందు చేయి పెట్టేది దాని మీదే. అలాంటి చోట తప్పు హెచ్చరిక ఇచ్చి, తర్వాత 'పట్టించుకోవద్దు' అని చెప్పడం చిన్న విషయం అని నేను అనుకోను. నాన్నా పులి కథ మనందరికీ తెలిసిందే, ఇక్కడ పులి వచ్చిందని అరుస్తున్నది కాపలాకి పెట్టుకున్నవాడే.

అందుకే నేను ఆ పసుపు రంగుని నమ్మడం మానేసి, లోపల జరిగేవన్నీ విండోస్ రాసుకునే లాగ్‌ని నమ్మడం మొదలుపెట్టాను, మీకు కూడా అదే చెబుతాను. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టి తెరవండి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనే దానిలోకి వెళ్లండి, విన్ఇనిట్ అనే సోర్స్ నుంచి వచ్చిన 12వ నంబర్ ఈవెంట్ ఉందా చూడండి. ఆ లోకల్ సెక్యూరిటీ అథారిటీని నడిపే ఎల్‌సాస్ అనే ప్రోగ్రాము ప్రొటెక్టెడ్ ప్రాసెస్‌గా, అంటే బయటివాళ్లు చేయి పెట్టలేనట్టుగా, మొదలైంది, లెవెల్ 4 అని ఒక్క లైను ఉంటుంది. మీరు చివరిసారి కంప్యూటర్ ఆన్ చేసిన సమయానికి ఆ లైను ఉంటే ఈ రక్షణ పనిచేస్తున్నట్టే, షీల్డ్ ఏమన్నా సరే. అలాగే అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్, ఆపరేషనల్ అనే దారిలో వెళితే డిఫెండర్ సొంత డైరీ దొరుకుతుంది. 1116 అంటే ఏదో పట్టుకుంది, 1117 అంటే దాని పని పట్టింది, 2001 అంటే వైరస్ వివరాల అప్‌డేట్ ఫెయిలైంది, 5001 అంటే రియల్ టైమ్ ప్రొటెక్షన్, అంటే ఎప్పటికప్పుడు కాసే కాపలా, ఆగిపోయింది. మీరు ఆపకుండానే 5001 కనిపిస్తే అప్పుడు భయపడండి, అది నిజమైన కబురు. ఇంత మంచి లాగ్ లోపల పెట్టుకుని బయట మాత్రం అందరికీ ఒకే పసుపు త్రిభుజం చూపిస్తారెందుకో నాకు అర్థం కాదు.

అన్నిటికీ ఒకే గుర్తు అని ఊరికే అనడం లేదు. వన్‌డ్రైవ్ పెట్టుకోకపోయినా పసుపే, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ కాకపోయినా పసుపే, నిజంగా ఒక రక్షణ ఆగిపోయినా పసుపే. వన్‌డ్రైవ్ పెట్టుకోండి అని అడగడం తప్పు కాదు, కానీ ఆ అడగడానికి ప్రమాద హెచ్చరిక గుర్తు వాడటం మాత్రం నా లెక్కలో పూర్తిగా తప్పు. డిస్మిస్ అని నొక్కితే పోతుంది నిజమే, కానీ అలా రెండుసార్లు నొక్కిన చేయి మూడోసారి చదవకుండానే నొక్కుతుంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2022 సెప్టెంబర్ మొదట్లో క్రోమ్ తెరిస్తే చాలు హైవ్ అనే వైరస్ దొరికిందని డిఫెండర్ పదేపదే అరిచింది, కొత్త వివరాలు పంపి సర్దుకున్నారు. 2023 జనవరి 13న ఒక తప్పు అప్‌డేట్ వల్ల చాలా కంపెనీల కంప్యూటర్లలో స్టార్ట్ మెనూ షార్ట్‌కట్లు ఎగిరిపోయాయి. 2025 జూన్ చివర్లో వచ్చిన ప్రివ్యూ అప్‌డేట్ తర్వాత ఫైర్‌వాల్ లాగ్‌లో 2042 అనే ఎర్రర్ రాసుకుంటూ పోయింది, దాన్ని కూడా వదిలేయమనే చెప్పారు. నేను నమ్మమన్న లాగ్‌లో కూడా ఉత్తుత్తి ఎర్రర్ వచ్చిందన్నమాట, కాబట్టి ఏదైనా ఎర్రర్ అప్‌డేట్ తర్వాతే మొదలైతే మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ రిలీజ్ హెల్త్ పేజీలో ఆ అప్‌డేట్ పేరు పెట్టి ఒకసారి వెతకండి. తెలిసిన లోపమైతే చాలావరకు అక్కడే రాసి ఉంటుంది.

అలాగని పసుపు గుర్తు ప్రతిసారీ అబద్ధం కాదు. గుంటూరులో మా అన్నయ్య జీఎస్టీ ఫైలింగ్ చేస్తుంటాడు, ఒకటే కంప్యూటర్, ఎన్ని డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు దానికి గుచ్చి తీశాడో లెక్కలేదు. ఒక అప్‌డేట్ పడిన రోజు ఫోన్ చేసి 'ఏరా, మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్ అంటోంది, రేపు రిటర్నులకి ఆఖరి రోజు, ఇదేమన్నా ఆగిపోద్దా' అన్నాడు. మెమరీ ఇంటెగ్రిటీ అంటే చెడ్డ కోడ్ విండోస్ లోపలి భాగంలోకి దూరకుండా ఆపే రక్షణ, పాత డ్రైవర్లు ఉంటే ఆన్ కాదు. 'అన్నయ్యా, ఏమీ ఆగదు, ముందు డివైస్ సెక్యూరిటీలోకి వెళ్లి కోర్ ఐసోలేషన్ కింద ఏ డ్రైవర్ పేరు చూపిస్తోందో ఫొటో తీసి పంపు' అన్నాను. చూస్తే ఎప్పుడో పాత రోజుల్లో ఇంటర్నెట్ కోసం వాడిన డేటా కార్డు డ్రైవర్. ఆ కార్డు ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు, డ్రైవర్ మాత్రం లోపల కూర్చుంది. దాని పక్కన ఓఈఎం అని మొదలై ఒక నంబర్, చివర ఐఎన్ఎఫ్ అని ఉంటుంది, దాన్ని పట్టుకుని అడ్మిన్ హక్కులతో తెరిచిన కమాండ్ విండోలో, విండోస్‌లోనే ఉండే పీఎన్‌పీ యుటిల్ అనే టూల్‌తో ఆ డ్రైవర్‌ని తీసేయించి, మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ చేయించి, రీస్టార్ట్ చేయించాను. షీల్డ్ మీద ఆకుపచ్చ టిక్కు వచ్చింది, రిటర్నులూ వెళ్లాయి.

ఇక్కడ యాప్‌ని మెచ్చుకోవాలి, అడ్డుపడుతున్న డ్రైవర్ పేరు, ఏ కంపెనీది, ఏ తేదీది అన్నీ చూపిస్తుంది, ఊహించే పని లేదు. అదే గనక రోజూ వాడే టోకెన్‌దో వేలిముద్ర మిషన్‌దో అయి ఉంటే తీసేయమనేవాణ్ని కాదు, ముందు ఆ కంపెనీ సైటులో కొత్త డ్రైవర్ ఉందేమో చూడమనేవాణ్ని, లేకపోతే అది వచ్చేదాకా మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్‌లో ఉంచమనేవాణ్ని. పని ఆపుకుని టిక్కు తెచ్చుకోవడంలో అర్థం లేదు.

మా వదిన ల్యాప్‌టాప్‌ది ఇంకో రకం. కొన్నప్పుడు దాంతో పాటు వచ్చిన ఒక ట్రయల్ యాంటీవైరస్, పేరు అనవసరం, గడువు అయిపోయాక తీసేశారు, కానీ సగమే పోయింది. పెద్ద అప్‌డేట్ తర్వాత డిఫెండర్ 'నేను కాదు, వేరే యాంటీవైరస్ చూసుకుంటోంది' అని పక్కన కూర్చుంది, ఆ వేరేదేమో లేనే లేదు. విండోస్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో మేనేజ్ ప్రొవైడర్స్ అని ఉంటుంది, ఎవరు కాపలా కాస్తున్నారో అక్కడ తెలిసిపోతుంది. లేని యాంటీవైరస్ పేరు అక్కడ కనబడితే ఆ కంపెనీవాళ్లే ఇచ్చే రిమూవల్ టూల్ దింపుకుని నడపండి, రీస్టార్ట్ అయ్యాక డిఫెండర్ దానంతట అదే లేస్తుంది. ఈ చోట పసుపు కాదు, ఎరుపు వచ్చినా నేను తప్పు పట్టను.

'ఈ సెట్టింగ్ మీ అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉంది' అని ఇంట్లో కంప్యూటర్ మీద వస్తే మాత్రం చాలావరకు కారణం స్పీడు పెంచుతామని చెప్పే టూల్సో, క్రాక్ సాఫ్ట్‌వేరో. డిఫెండర్‌ని ఆపడానికి అవి రిజిస్ట్రీలో పాలసీలు రాసి పోతాయి. అలాంటివి వేసినవాళ్లు అప్‌డేట్‌ని తిట్టడం న్యాయం కాదు.

యాప్ అసలు తెరుచుకోకపోతే, తెల్ల పేజీ వచ్చినా, లింకు తెరవడానికి కొత్త యాప్ కావాలని అడిగినా, రీఇన్‌స్టాల్ దాకా పోకండి. స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ముందు రిపేర్, కుదరకపోతే రీసెట్ నొక్కండి. పోయేది ఆ కిటికీ మాత్రమే, వెనకాల స్కాన్ చేసే ఇంజిన్ వేరు, అది ఈలోపు కూడా నడుస్తూనే ఉంటుంది. దాంతోనూ రాకపోతే అప్పుడు ఎస్‌ఎఫ్‌సీ, డిస్మ్ లాంటి కమాండ్లతో సిస్టమ్ ఫైళ్ల రిపేరు.

ఇవన్నీ చేసే ముందు ఒక్క పని, రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే రీస్టార్ట్ అయినట్టే కదా అంటారు, కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, సాధారణంగా ఉంటుంది కూడా, షట్‌డౌన్‌లో విండోస్ లోపలి భాగం డిస్కులో దాచుకుని పొద్దున్నే అదే తీసి పెట్టుకుంటుంది. అప్‌డేట్ సగంలో ఆగిన కంప్యూటర్ అలా రోజుల తరబడి సగంలోనే ఉండిపోవచ్చు. మెనూలో రీస్టార్ట్ అన్న మాటే నొక్కాలి.

స్లో అవుతుందన్న ఫిర్యాదు నిజమే, ముఖ్యంగా 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న మిషన్లలో. అప్‌డేట్ తర్వాత డిఫెండర్ స్కానరే యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అన్న పేరుతో టాస్క్ మేనేజర్‌లో పైన కూర్చుంటుంది. షెడ్యూల్డ్ స్కాన్‌కి సీపీయూ పరిమితి మామూలుగా 50 శాతం, డిస్కుకి అలాంటిదేమీ లేదు, నలిగేది అక్కడే. చార్జర్ పెట్టి కాసేపు వదిలేయండి, స్కాన్ అయ్యాక తగ్గుతుంది. దీని కోసం సీ డ్రైవ్ మొత్తాన్ని ఎక్స్‌క్లూజన్‌లో, అంటే స్కాన్ చేయొద్దన్న జాబితాలో, పెట్టమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, దయచేసి వినకండి.

ఇంకొకటి, ఇంట్లో పెద్దవాళ్ల కోసం. బ్రౌజర్‌లో స్క్రీనంతా నిండిపోయి, సైరన్ మోగుతూ, డిఫెండర్ బొమ్మ వేసి ఫోన్ నంబర్ ఇచ్చే హెచ్చరిక వస్తే అది నూటికి నూరు శాతం మోసం. అసలు విండోస్ సెక్యూరిటీ ఎప్పుడూ ఫోన్ నంబర్ ఇవ్వదు. అప్పటికే ఫోన్ చేసి డబ్బులు పోగొట్టుకుని ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. మైక్రోసాఫ్ట్ తన నిజం హెచ్చరికల్ని ఇంత పలచన చేయకపోతే ఈ దొంగ హెచ్చరికల్ని గుర్తుపట్టడం మన అమ్మానాన్నలకి కొంచెం సులువయ్యేదని నా గట్టి నమ్మకం.

నా మార్కులు: రక్షణకి అయిదుకి నాలుగున్నర, హెచ్చరికలకి రెండు. విండోస్ 11 వాడేవాళ్లు నిశ్చింతగా దీన్నే వాడుకోండి. విండోస్ 10లో ఉన్నవాళ్లకి మాత్రం ఒక మాట. 2025 అక్టోబర్ 14తో ఆ సిస్టమ్‌కి మామూలు సపోర్టు అయిపోయింది, డిఫెండర్‌కి వైరస్ వివరాలు మాత్రం 2028 అక్టోబర్ దాకా వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కాబట్టి అందులో కనిపించే ఆకుపచ్చ టిక్కు వైరస్ స్కానర్ గురించే చెబుతుంది, విండోస్‌లో కొత్తగా బయటపడే రంధ్రాల గురించి కాదు. సపోర్టు అయిపోయాక కూడా ఆ రంధ్రాలు పూడ్చే ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్‌లో చేరారో లేదో విండోస్ అప్‌డేట్ పేజీలో చూసుకోండి, షీల్డ్‌లో కాదు.