చనిపోయిన విద్యార్థి పట్టా: ఎగ్జామ్ బ్రాంచ్ కిటికీకి 5కి 3

హైదరాబాద్‌లోని ఓ యూనివర్సిటీలో, చనిపోయిన పిల్లల పట్టాలు కన్నవాళ్లకిచ్చే ఎగ్జామ్ బ్రాంచ్ సేవపై సమీక్ష ఇది. అన్ని పేపర్లూ పాసైనవాళ్లదైతే తేలికే: మార్కుల మెమోలు, డెత్ సర్టిఫికెట్, తహసీల్దారిచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, తల్లిదో తండ్రిదో ఆధార్ జతచేయాలి. పని ఆగేది పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, డెత్ సర్టిఫికెట్‌లో పొడి అక్షరమే ఉంటే ఫైలు వెనక్కొస్తుంది, ముందే దిద్దించుకోండి.

ఒక్క పేపరు మిగిలినా కథ వేరు. అది కౌంటర్‌లో తేలదు, పాలకమండలి తీర్మానం కావాలి. అర్జీ రిజిస్ట్రార్ పేరిట, విభాగాధిపతి సిఫార్సుతో పెట్టాలి. ఈ తేడా చెప్పే బోర్డు అక్కడ లేదు. పైగా చనిపోయినవాళ్ల పట్టాకొస్తే కిటికీలోవాళ్లు ‘క్యాండిడేటే రావాలి’ అంటారు. ఈ సేవకు 5కి 3 మార్కులే ఇచ్చింది అందుకే.