జాందాన్ ఎర్చెతిన్ ఆల్బమ్‌లు: ఏళ్ల తరబడి విన్న తరువాత

టర్కీ పాప్ సంగీతం అనగానే మనవాళ్లలో చాలామందికి 1990ల చివర ప్రపంచమంతా మారుమోగిన తర్కాన్ పాటలు గుర్తుకు వస్తాయి. అదే దశకంలో ఇస్తాంబుల్‌లో సొంత ఆల్బమ్‌లు మొదలుపెట్టిన గాయని జాందాన్ ఎర్చెతిన్ పేరు మాత్రం టర్కీ, ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ దేశాలు, యూరప్‌లోని టర్కిష్ కుటుంబాలు దాటి పెద్దగా వినిపించలేదు. ఆమె ఆల్బమ్‌లను ఎన్నో ఏళ్లుగా, ఇంట్లో పని చేసుకుంటూ, రాత్రి ప్రయాణాల్లో, కొన్నిసార్లు వేరే ఏ పనీ పెట్టుకోకుండా కళ్లు మూసుకుని వింటూ వస్తున్నాను. ఇన్నేళ్ల తరువాత నాకు కలిగిన అభిప్రాయం ఒకటే: ఆమె పాటల్లో బాల్కన్ సంగీతం పైపైన అద్దిన రంగు కాదు, ఆ గొంతు దుఃఖాన్ని మోసే పద్ధతిలోనే అది ఉంది. ఈ సంగతి మొదటిసారి వింటే తెలియదు, హుషారు పాటలు వింటే అసలే తెలియదు. అందుకే ఒక్క పాట విని వదిలేసినవారి కోసం ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆమె 1963లో కిర్క్‌లారెలిలో పుట్టింది. టర్కీ భూభాగంలో యూరప్ వైపున్న త్రేస్ ప్రాంతంలో, బల్గేరియా సరిహద్దుకు దగ్గరగా ఉండే పట్టణం అది. కుటుంబానివి అల్బేనియన్ మూలాలు. ఒట్టోమన్ సామ్రాజ్యం బాల్కన్ ప్రాంతాలను ఒక్కొక్కటిగా కోల్పోతున్న కొద్దీ అక్కడి ముస్లిం కుటుంబాలు తరతరాలుగా తూర్పుకు కదిలి వచ్చి త్రేస్‌లోనూ, ఇస్తాంబుల్‌లోనూ స్థిరపడ్డాయి. వారితో పాటు వచ్చిన పాటలను టర్కీలో రుమేలి పాటలంటారు. కిర్క్‌లారెలి, ఎదిర్నె పట్టణాల్లో జిప్సీలని పిలవబడే రోమా ప్రజలు మే నెల మొదట్లో కకావా అనే వసంతోత్సవం జరుపుకుంటారు. క్లారినెట్, డోలు, జుర్నా అనే సన్నాయి వంటి వాద్యం లేకుండా అది జరగదు. ఇలాంటి చోట పుట్టిన గొంతు ఆ తరువాత పొందిన చదువు మాత్రం పూర్తిగా వేరు. ఇస్తాంబుల్‌లో ఫ్రెంచి మాధ్యమంలో బోధించే ప్రఖ్యాత గలాతసరాయ్ పాఠశాల, విశ్వవిద్యాలయంలో ప్రాచీన పురావస్తు శాస్త్రం, నగర సంగీత కళాశాలలో ఒపెరా గానం. ఈ మూడింటి జాడా రికార్డింగుల్లో ఉంది. ఫ్రెంచి పాటల ఆల్బమ్ ఆ బడి నుంచి వచ్చిందే. ఊపిరి మీద ఆ పట్టు ఒపెరా శిక్షణ ఇచ్చింది. పాత పాటలను తవ్వి తీసేటప్పుడు ఆమె చూపే జాగ్రత్తలో పురావస్తు విద్యార్థిని కూడా కనిపిస్తుందని నాకు అనిపిస్తుంది.

ఆమె తొలిసారి పెద్ద వేదికెక్కింది ఒంటరిగా కాదు. 1986లో నార్వేలోని బెర్గెన్ నగరంలో జరిగిన యూరోవిజన్ అనే దేశాల మధ్య పాటల పోటీలో టర్కీ తరఫున క్లిప్స్ వె ఓన్‌లర్ అనే బృందం పాడింది, అందులో ఆమె ఒకరు. ఆ ఏడాది ఆకాశంలో కనిపించిన హేలీ తోకచుక్క మీద పాట. తొమ్మిదో స్థానం దక్కింది; 1997లో షెబ్నెమ్ పాకెర్ మూడో స్థానం తెచ్చేవరకు టర్కీకి అదే అత్యుత్తమ ఫలితం. ఆ రికార్డింగు ఇప్పుడు వింటే 1980ల సింథసైజర్ల మెరుపు తప్ప ఆమె ప్రత్యేకత ఏమీ దొరకదు. చరిత్ర కోసం ఒకసారి వినవచ్చు, అంతకు మించి అవసరం లేదు.

సొంత ఆల్బమ్ రావడానికి ఆ తరువాత తొమ్మిదేళ్లు పట్టింది. 1995లో వచ్చిన 'హాజిరిమ్' టర్కీ పాప్ సంగీతానికి మహర్దశ నడుస్తున్న రోజులనాటిది. ప్రభుత్వ ప్రసార సంస్థ గుత్తాధిపత్యం ముగిసి, ప్రైవేటు టీవీలు, రేడియోలు పుట్టుకొచ్చి, వాటి కడుపు నింపడానికి వారానికో కొత్త గాయకుడు బయలుదేరుతున్న కాలం. అందులోని 'ఉమురుమ్‌దా దేయిల్' పాట ఆమెకు పేరు తెచ్చింది. నాకు ఏమీ లెక్కలేదు పో అనే ధోరణిలో సాగే హుషారైన పాట అది, చాలామందికి ఆమె పరిచయమయ్యేది ఇప్పటికీ దానితోనే. ఇన్నేళ్ల వినికిడి తరువాత ఈ ఆల్బమ్ గురించి నా మాట సూటిగా చెబుతాను: బాణీలు నిలిచాయి, వాద్యసహకారం నిలవలేదు. యంత్రపు డ్రమ్ముల మోత ఆనాటి క్యాసెట్ ప్లేయర్లకు సరిపోయి ఉండవచ్చు, ఈనాటి మంచి హెడ్‌ఫోన్లలో పలచగా, గరుకుగా వినిపిస్తుంది. 1997లో వచ్చిన 'చాప్కిన్' ఈ విషయంలో ఒక మెట్టు పైన ఉంటుంది. అందులో నిజమైన వాద్యాలకు చోటు పెరిగింది, తూర్పు యూరప్ లయ నడకలు ధైర్యంగా ముందుకు వచ్చాయి.

ఈ నడకల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే తెలుగు శ్రోతకు ఇక్కడ ఒక సహజమైన దారి ఉంది. త్రేస్, బాల్కన్ ప్రాంతాల్లో బాగా వినిపించే ఒక నాట్యపు నడకలో ఆవర్తనానికి తొమ్మిది మాత్రలుంటాయి, వాటిని రెండు, రెండు, రెండు, మూడుగా విరుస్తారు. పాశ్చాత్య పాప్ సంగీతానికి అలవాటు పడినవారు చివరి మూడు మాత్రల దగ్గర తడబడతారు. కర్ణాటక సంగీతం కొద్దిగా నేర్చుకున్నవారు మాత్రం తకదిమి తకతకిట అని చేత్తో వేసుకుంటూ వింటే ఆ నడక వెంటనే దొరికిపోతుంది, ఎందుకంటే తొమ్మిది మాత్రల సంకీర్ణ నడకను మనం పలికే తీరు కూడా సరిగ్గా ఇలాగే విరుగుతుంది. మాసిడోనియాలో వినిపించే ఏడు మాత్రల నడక మూడు, రెండు, రెండుగా సాగుతుంది. మన ఏడు మాత్రల మిశ్రచాపు తాళం తెలిసినవారికి అది ఇరుగుపొరుగు వ్యవహారమే. ఈ సంగీతాన్ని మొదట నాకు దగ్గర చేసింది గొంతు కన్నా ఈ లెక్కే. ఇలాంటి నడకల్లో ఎర్చెతిన్ చేసే పని ఏమిటంటే, డోలు, బాకాలు తోసుకుంటూ పోతున్నా ఆమె మాటను తొందరపెట్టదు. చివరి మూడు మాత్రల దగ్గర చాలామంది గాయకులు గొంతు ఎగరేసి నాట్యానికి ఊపందిస్తారు. ఆమె అక్కడే ఊపిరి తగ్గించి, అక్షరాన్ని కాస్త ఆలస్యంగా దించుతుంది. పాట ఆడమంటుంది, గొంతు ఆగమంటుంది. పెళ్లి ఊరేగింపులోనూ చావు ఊరేగింపులోనూ అదే బాకా బృందం వాయించే ప్రాంతపు సంగీతం ఇది. ఆ రెండూ ఒకే పాటలో వినిపించాలంటే ఇలాంటి నిగ్రహం కావాలి.

ఇక్కడ మరో టర్కీ గాయని సెజెన్ అక్సును తలచుకోకుండా ఉండలేము. 1997లోనే అక్సు, బోస్నియా రాజధాని సరయేవోలో పుట్టిన సంగీతకర్త గోరాన్ బ్రెగోవిచ్ బాణీలకు టర్కిష్ సాహిత్యంతో 'దుయున్ వె జెనాజె' అనే ఆల్బమ్ చేసింది. పెళ్లి, అంత్యక్రియ అని ఆ పేరుకు అర్థం. బోస్నియా యుద్ధం ముగిసి రెండేళ్లు కూడా కాలేదు. 1989 వేసవిలో బల్గేరియా నుంచి తరిమివేయబడిన మూడు లక్షలకు పైగా టర్కులు ఎదిర్నె దగ్గరి సరిహద్దు ద్వారం గుండా వచ్చిన జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ దశకంలో టర్కీ శ్రోతలు బాల్కన్ సంగీతాన్ని అంతగా హత్తుకోవడానికి ఈ చరిత్ర కూడా ఒక కారణమని నా నమ్మకం. అక్సు ఆల్బమ్ గొప్పది, అందులో సందేహం లేదు. అయితే అది ఒక మహా గాయని పొరుగింటి సంగీతంలోకి అతిథిగా వెళ్లి చేసిన విందు. ఎర్చెతిన్ అంత ఎత్తున పాడదు, అంత ఆర్భాటమూ చేయదు, కానీ ఆ ఇంట్లో పుట్టిన మనిషి మాట్లాడినట్లు పాడుతుంది. ఇద్దరినీ ఒకే వారంలో మార్చి మార్చి వింటే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. నేను ఎక్కువసార్లు తిరిగి వెళ్లేది మాత్రం ఎర్చెతిన్ దగ్గరికే.

2000లో వచ్చిన 'ఎల్బెత్తె' ఆమె రికార్డింగుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 'యలాన్' అనే పాట ఇందులోదే. టర్కీలో ఆ పాట తెలియని ఇల్లు ఉండదని అక్కడివారు అంటే అతిశయోక్తి అనుకోను. నెమ్మదిగా సాగే విషాదగీతం అది. ఏడిపించే పాట అందరూ పాడతారు. తాను ఏడవకుండా పాడటం కష్టం. ఆమె గొంతు స్వభావతః మంద్రస్థాయికి దగ్గరగా ఉంటుంది. పాట పైకి ఎక్కే చోట గొంతు పెంచి గెలవడానికి ఆమె ప్రయత్నించదు; పదాంతంలో స్వరాన్ని చిన్నగా వణికించి వదిలేస్తుంది. ఇంకొక సంగతి ఉంది. తెలుగులాగే టర్కిష్‌లోనూ క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది, ప్రత్యయాలు ఒకదాని వెనుక ఒకటి చేరి మాట పొడుగవుతుంది. పంక్తి చివర వరకు అర్థం తేలకుండా ఉండటం, ఆ చివరి ప్రత్యయం మీదే బరువంతా పడటం మన చెవికి పరిచయమైన విషయమే. ఆమె ఉచ్చారణ ఎంత స్పష్టంగా ఉంటుందంటే, భాష రానివారు కూడా కొన్నిసార్లు విన్న తరువాత ఆ చివరి ప్రత్యయాలను విడివిడిగా గుర్తుపట్టగలరు. టర్కిష్ నేర్చుకుంటున్నవారికి ఆమె పాటలను నేను తప్పకుండా సూచిస్తాను.

2002 నాటి 'నెదెన్' కూడా బలమైన ఆల్బమే, కానీ అందులో ఒకే రకమైన విషాదం వరుసగా వస్తుంది, ఒక్క దఫాలో మొత్తం వినడం కష్టం. 2003లో వచ్చిన రీమిక్స్ ఆల్బమ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నృత్యశాలల కోసం చేసిన పని, నేను రెండోసారి వినలేదు. అదే ఏడాది వచ్చిన ఫ్రెంచి ఆల్బమ్ మాత్రం గౌరవించదగ్గది. పాత ఫ్రెంచి పాటలను టర్కిష్ వాద్యాలతో పాడింది, ఉచ్చారణలో ఎక్కడా తడబాటు లేదు. అయినా ఏదో దూరం ఉంటుంది. చక్కగా ముస్తాబైన గది చూసినట్లు ఉంటుంది, అందులో ఎవరూ కాపురం ఉన్నట్లు అనిపించదు. 2004 నాటి 'మెలెక్'తో ఆమె మళ్లీ సొంత నేల మీదికి వచ్చింది.

ఆ తరువాతి ఏడాది, 2005లో వచ్చిన 'అమాన్ దోక్తోర్' గురించి ఎంత చెప్పినా తక్కువే. ఏజియన్ సముద్రానికి ఇరువైపులా, టర్కులూ గ్రీకులూ తమ తమ భాషల్లో పాడుకునే ఉమ్మడి పాటలను ఏరి, రెండు భాషల్లోనూ పాడిన ఆల్బమ్ ఇది. 1923లో ఈ రెండు దేశాలు జనాభా మార్పిడి ఒప్పందం చేసుకున్నాయి. సుమారు 12 లక్షల మంది ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, సుమారు 4 లక్షల మంది ముస్లింలు టర్కీకి తరలవలసి వచ్చింది. మనుషులు ఊళ్లు విడిచారు, పాటలు రెండు ఒడ్డుల్లోనూ మిగిలాయి. ఆ పాట మాదంటే మాదని తరాల తరబడి వాదనలు జరిగాయి. 1999 ఆగస్టులో టర్కీలోనూ, సెప్టెంబరులో ఏథెన్స్‌లోనూ భూకంపాలు వచ్చినప్పుడు ఒకరికొకరు సహాయ బృందాలను పంపుకున్న తరువాతే వాతావరణం మెత్తబడింది. ఆ నేపథ్యం తెలిసి వింటే ఈ ఆల్బమ్ ధైర్యం అర్థమవుతుంది. పేరు పెట్టిన జానపద గీతంలో చెప్పుకోవడానికి పెద్ద కథ ఏమీ లేదు: పచ్చ రుమాలు, పోయిన తోడు, నా బాధకు మందు చెప్పమని వైద్యుడికి మొర. ఆమె దానిని పాడేటప్పుడు ఎక్కడా జాలి అడగదు. వైద్యుడిని పిలిచే ఆ పల్లవి ప్రతిసారీ తిరిగి వచ్చినప్పుడు కొద్దికొద్దిగా నవ్వు కలుస్తుంది, మందు లేదని ముందే తెలిసిన మనిషి నవ్వు అది. భాష మారినా గొంతు మారదు, గమకాలు మారవు, వాదన చేయకుండానే ఆ పాట ఎవరిదన్న ప్రశ్నకు జవాబు దొరికిపోతుంది. ఎర్చెతిన్‌ను కొత్తగా వినబోయేవారికి నేను మొదట చెప్పేది ఈ ఆల్బమే. ఇది నచ్చితే 'ఎల్బెత్తె', ఆ తరువాతే హుషారు పాటలు.

ఆ తరువాత ఆమె తొందరపడలేదు. 'కిరిక్ కల్ప్‌లెర్ దురాయిందా' 2009లో, 'మిల్యోన్‌లర్‌జా కుష్తుక్' 2013లో వచ్చాయి. ఏటా ఒక పాట వదలకపోతే శ్రోతలు మరచిపోతారన్న భయం రాజ్యమేలుతున్న రంగంలో నాలుగేళ్లకు ఒక ఆల్బమ్ అనేది మెచ్చుకోదగిన నిబ్బరం. రికార్డింగు నాణ్యతలో ఈ రెండూ అన్నిటికన్నా మెరుగైనవి. తీగవాద్యాలు, క్లారినెట్ విడివిడిగా, తమ తమ చోట్ల కూర్చుని వాయిస్తున్నట్లు వినిపిస్తాయి. గొంతు కూడా మరింత లోతుకు దిగింది. నాకున్న అసంతృప్తి ఒక్కటే: ఈ ఆల్బమ్‌లలో పాటలు మరీ నిండుగా ఉంటాయి, వాద్యాల మధ్య ఖాళీ తగ్గింది. 'యలాన్' పాడిన గొంతుకు అంత పరివారం అక్కర లేదు. అందుకే ఈ రెండింటిని ఆల్బమ్ మొత్తంగా కాకుండా పాట పాటగా, మంచి స్పీకర్ల మీద, శబ్దం కొంచెం తగ్గించి వింటుంటాను. అప్పుడు వాద్యాలు వెనక్కి తగ్గి ఆమె మాట ముందుకు వస్తుంది.