ఒకే కంప్యూటర్‌లో రెండు ఈవ్ ఆన్‌లైన్ అకౌంట్లు: చాలాకాలం వాడాక నా సమీక్ష

బెంగళూరులో కూర్చుని ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఓడల ఆట ఆడేవాళ్లకి రెండో అకౌంట్ నిజంగా పనికొస్తుంది. ఒక్కటే షరతు: రెండో పాత్రకి అప్పగించే పని పది సెకన్లు గాలికొదిలేసినా చెడిపోనిదై ఉండాలి. అలాంటి పని దొరికితే 16 జీబీ ర్యామ్, ఆరు కోర్ల ప్రాసెసర్, ఎస్ఎస్‌డీ ఉన్న మామూలు మెషీన్ చాలు. దొరక్కపోతే ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టినా లాభం లేదు, ఎందుకంటే తక్కువయ్యేది మీ రెండు కళ్లే.

సర్వర్ లండన్‌లో ఉంది కదా, ఇక్కణ్ణుంచి పింగ్ (మన ఆదేశం సర్వర్‌కి వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం) మాటేంటని చాలామంది అడుగుతారు. ఈవ్ సర్వర్ సెకనుకి ఒక్కసారే లెక్క తేలుస్తుంది. మీరు నొక్కింది కాస్త ముందు చేరినా వెనక చేరినా పెద్ద తేడా రాదు. కాల్పుల ఆటల్లో తెర మీద ఒక ఆట కిటికీ (విండో)లోంచి ఇంకో కిటికీలోకి వెళ్లేలోపే చచ్చిపోతాం. ఇక్కడ ఆ వ్యవధి దొరుకుతుంది.

డబ్బు సంగతి ముందే తెలుసుకోండి. ఒక అకౌంట్‌లో మూడు పాత్రలు పెట్టుకోవచ్చు గానీ ఒకసారికి ఒక్కదాన్నే ఆడించగలం, కాబట్టి నిజంగా రెండో అకౌంటే కావాలి. ఉచిత ఆల్ఫా అకౌంట్‌ని ఇంకో క్లయింట్ (మన కంప్యూటర్‌లో నడిచే ఆట ప్రోగ్రాం) నడుస్తుండగా తెరవనివ్వరు. అంటే రెండూ చందా కట్టే ఒమేగా అకౌంట్లే అయి ఉండాలి. నెల చందా 2022 మేలో 14.99 డాలర్ల నుంచి 19.99కి పెరిగింది. ఆటలో సంపాదించి కట్టాలంటే ఒక్కో అకౌంట్‌కి నెలకి 500 ప్లెక్స్ (చందాకి బదులు వాడే ఆటలోని టోకెన్లు). వర్చువల్ మెషీన్ పెట్టి ఆల్ఫాని దొంగదారిన నడిపించే చిట్కాలు తిరుగుతుంటాయి. అది నిబంధనలకి విరుద్ధం, దొరికితే అకౌంటే పోతుంది. వాటి జోలికి పోవద్దు.

సెట్టింగుల దగ్గర అందరూ పొరబడేది ప్రొఫైల్ విషయంలో. ఆటని తెరిచే లాంచర్‌లో రెండు అకౌంట్లకీ ఒకే ప్రొఫైల్ (సెట్టింగుల కట్ట) ఉంచితే గ్రాఫిక్స్ సెట్టింగులు రెండింటికీ ఉమ్మడి అయిపోతాయి. ఒకదానికి తగ్గించింది తర్వాతిసారి రెండోదానికీ తగ్గిపోయి కనిపిస్తుంది. అందుకని రెండో అకౌంట్‌కి వేరే ప్రొఫైల్ పెట్టండి. అందులో షేడర్, టెక్స్చర్, నీడలు అన్నీ కిందికి దించండి. డిస్‌ప్లే మోడ్ రెండింటికీ ఫిక్స్‌డ్ విండో పెట్టండి. ఫుల్ స్క్రీన్‌లో ఉంచితే కిటికీ మార్చినప్పుడల్లా తెర నల్లబడి తడుముకుంటుంది. ప్రెజెంట్ ఇంటర్వల్ అనే సెట్టింగుని ఇంటర్వల్ వన్‌లో ఉంచితే ఫ్రేములు మానిటర్ వేగానికి కట్టుబడతాయి, ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత అక్కడే సగం తగ్గుతుంది. రెండో పాత్ర ఊరికే నిలబడి ఉన్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్9 కలిపి నొక్కండి. అంతరిక్షం గీయడం ఆగిపోయి జాబితాలూ బటన్లూ మాత్రం పనిచేస్తూ ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు మీద భారం దాదాపు పోతుంది.

ర్యామ్ ఒక్కో క్లయింట్‌కి రెండు మూడు జీబీ తింటుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో రెండూ తెరుచుకుంటాయి, కానీ బ్రౌజర్ కూడా తెరిస్తే నత్తనడకే. రెండు క్లయింట్లూ ఒకే డౌన్‌లోడ్ ఫోల్డర్‌ని పంచుకుంటాయి కాబట్టి డిస్క్‌లో చోటు రెట్టింపు కాదు. పీజీ వైఫై మీద ఆడేవాళ్లు లాంచర్‌లో మొత్తం గేమ్‌ని ఒకేసారి దించేసుకోండి. లేకపోతే కొత్త సిస్టమ్ (ఆటలోని నక్షత్ర వ్యవస్థ)లోకి దూకినప్పుడల్లా బొమ్మలు అప్పటికప్పుడు దిగుతూ రెండు కిటికీలూ కలిసి ఆగిపోతాయి.

రెండో మానిటర్ ఉంటే సగం శ్రమ తప్పుతుంది. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌వి దొరుకుతాయి. కొనేముందు తెల్ల తెర, నల్ల తెర పెట్టి చూపించమనండి. ఒకటే తెర ఉంటే ఈవ్-ఓ ప్రివ్యూ లాంటి చిన్న టూల్ రెండో కిటికీని మూలన చిన్న బొమ్మగా చూపిస్తుంది, దాని మీద నొక్కితే అటు వెళ్లొచ్చు. రెండు పాత్రలకీ రంగుల థీమ్ వేరుగా పెట్టడం మాత్రం తప్పనిసరి. ఒకేలా ఉంటే ఏదో ఒకరోజు ఎఫ్1 (ఓడలో మొదటి ఆయుధాన్నో పరికరాన్నో నడిపే మీట) తప్పు ఓడలో నొక్కుతారు.

నిబంధన ఒకటి గుర్తుంచుకోవాలి. ఒక మీట నొక్కితే రెండు క్లయింట్లకీ ఒకేసారి ఆదేశం వెళ్లేలా చేసే సాఫ్ట్‌వేర్ 2015 జనవరి 1 నుంచి నిషేధం. కిటికీ మార్చడానికి షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు. నొక్కడం మాత్రం ఒక్కో కిటికీలో విడిగానే.

ఇక ఏ పనికి పెట్టాలి? నా దృష్టిలో మొదటి స్థానం కాపలాకి. ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి దూకించే గేటు ఇవతల సరుకుల ఓడ ఆగి ఉంటుంది. చిన్న ఓడలో రెండో పాత్ర ముందు దూకుతుంది. దూకాక కదలకుండా ఉంటే నిమిషం పాటు ఎవరికీ కనపడదు. ఆ నిమిషంలో అవతల సరుకుల ఓడల్ని కూల్చే కాటలిస్ట్ ఓడల గుంపు కాచుకుని ఉందో లేదో తీరిగ్గా చూసుకుని, అప్పుడు సరుకుల ఓడని దూకించాలో ఆపాలో తేల్చుకోవచ్చు. ఇలాంటి దాడులకి పేరుమోసిన ఉయెడమా లాంటి సిస్టమ్‌లలో ఈ ఒక్క అలవాటే చందా డబ్బు తిరిగి రాబడుతుంది. రెండోది ఓర్కా అనే పెద్ద సహాయ ఓడతో మైనింగ్‌కి తోడు: బర్స్ట్ (మైనింగ్ ఓడల సామర్థ్యం పెంచే పరికరం) దానంతట అదే తిరుగుతుంది, చార్జ్‌లు అయిపోకుండా చూసుకుంటే చాలు. మైనింగ్ ఓడ 2500 మీటర్ల లోపు ఉంటేనే ఖనిజం ఓర్కా ఫ్లీట్ హ్యాంగర్ (ఉమ్మడి గోదాము)లోకి వెళ్తుంది, కాబట్టి దగ్గరగా నిలపండి. ఆటలో పెద్ద బజారైన జీటాలో ఒక పాత్రని వ్యాపారానికి కూర్చోబెట్టడం ఇంకా తేలిక. రెండు ఓడలతో ఒకేసారి యుద్ధానికి దిగడం మాత్రం నేను సిఫారసు చేయను.

మన ఊళ్లో అసలు ముప్పు కరెంటు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉన్నా ఫైబర్ మోడెం ఆరిపోతే రెండు పాత్రలూ ఒకేసారి తెగిపోతాయి. మోడెంకీ రౌటర్‌కీ చిన్న యూపీఎస్ పెట్టండి. ఫోన్ హాట్‌స్పాట్‌కి మారితే డేటా పెద్దగా ఖర్చు కాదు గానీ పాత కనెక్షన్ పోతుంది, రెండింట్లోనూ మళ్లీ లాగిన్ కావాలి. కనెక్షన్ తెగిన ఓడ తనంతట తానే దూరంగా వార్ప్ అవుతుంది (మహావేగంతో వెళ్లిపోతుంది), కాసేపటికి మాయమవుతుంది. వేరే ఆటగాళ్లతో పోరాడాక మొదలయ్యే టైమర్ నడుస్తుంటే మాత్రం 15 నిమిషాల దాకా మాయం కాదు. అందుకే వానాకాలం సాయంత్రాల్లో కనెక్షన్ తెగితే ముందు ఓర్కా నడిపే పాత్రతో లాగిన్ అయి, దాన్ని స్టేషన్‌కి చేర్చాకే మిగతాది చూసుకోండి. సర్వర్ రోజూ మన టైము సాయంత్రం 4:30కి కాసేపు ఆగుతుంది. ఆ సమయానికి సరుకు దారిలో ఉండకుండా బయల్దేరండి.