కుక్క కాటుకి మా ప్రభుత్వ ఆసుపత్రి: నాలుగు స్టార్లు

పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్తుంటే వీధి కుక్క ఒకటి వెనక నుంచి వచ్చి పిక్క పట్టేసింది. రెండు పళ్లు బాగానే దిగాయి, రక్తం కారింది. దగ్గర్లో ఉంది కదా అని ముందు ఓ ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాను. టీటీ ఇంజెక్షన్ చేసి, గాయం మీద గట్టిగా కట్టు కట్టి, "రేబిస్ టీకా రేపొచ్చి వేయించుకోండి, అది చాలు" అని 850 రూపాయలు తీసుకున్నారు. వాళ్లకి ఒక్క స్టార్ ఇచ్చినా దండగే.

ఇంటికొస్తే పక్కింటి పెద్దమ్మగారు పసుపూ కారం కలిపి సిద్ధంగా ఉన్నారు. ఆవిణ్ణి తప్పించుకుని ప్రభుత్వ ఆసుపత్రికి పోయాను. ఓపీ చీటీకే అరగంట. కానీ కుక్క కాటు గదిలో సిస్టర్ చేసిన మొదటి పని ఆ కట్టు విప్పి పారేయడం. "ఎవరు కట్టారు బాబూ ఇది?" అని విసుక్కుని, ఎదురు షాపులో సబ్బు కొనుక్కు రమ్మని, కుళాయి కింద కాలు పెట్టించి పావుగంట కడిగించింది, గడియారం చూసి మరీ. ఈ రేబిస్ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు తగిలితే అది విచ్చిపోతుందట.

తర్వాత సీరం. అసలు ఈ రివ్యూ రాస్తున్నదే దీని గురించి. టీకాలో ఉండేది చచ్చిన వైరస్. దాన్ని చూసి మన ఒంట్లో బి కణాలు (రక్షక కణాల్లో ఒక రకం) యాంటీబాడీలు, అంటే వైరస్‌ని అడ్డుకునే ప్రొటీన్లు, తయారు చేయడం మొదలుపెట్టి, అవి సరిపడా వచ్చేసరికి వారం, పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. ఈలోగా గాయంలో ఉన్న వైరస్ నరంలోకి దూరిందంటే ఇక మన రక్షక కణాల కంట సరిగా పడదు, ఆ నరం పట్టుకునే మెదడు దాకా పోతుంది, లక్షణాలు బయటపడ్డాక బతికేవాళ్లు దాదాపు ఉండరు. అందుకని రక్తం వచ్చేలా కరిస్తే రెడీగా ఉన్న యాంటీబాడీలనే తెచ్చి గాయంలో ఎక్కిస్తారు, అదే సీరం. నాకు చేసింది గుర్రాల రక్తం నుంచి తీసింది, కిలో బరువుకి 40 యూనిట్లు, అందుకే ముందు మిషన్ ఎక్కించి బరువు చూశారు. గాయం లోపలా చుట్టూ సూది పొడుస్తుంటే కుక్క కరిచినప్పుడు కూడా అంత అరవలేదు నేను. క్లినిక్‌లో దీని పేరే ఎత్తలేదు చూడండి!

టీకా దీని ముందు ఏమీ కాదు. రెండు భుజాల మీదా చర్మంలోకే 0.1 మి.లీ. చొప్పున, మినపగింజంత బుడగ లేచిందంతే. ఇంత కొంచెం సరిపోతుందా అని అడిగితే డాక్టరుగారు విసుక్కోకుండా చెప్పారు: చర్మంలో కాపలా కణాలు ఎక్కువ, అవి ఆ వైరస్ ముక్కల్ని చంకలోని లింఫ్ గ్రంథులకి మోసుకెళ్లి చూపిస్తాయి, అందుకే తక్కువ మందుతో పని అయిపోతుందని. మళ్లీ 3, 7, 28వ రోజుల్లో రమ్మన్నారు. (బొడ్డు చుట్టూ 14 సూదులని నాన్న ఫోన్‌లో ఒకటే టెన్షన్. ఆ గొర్రె మెదడు టీకా ఎప్పుడో ఆపేశారు నాన్నా.) మాంసం మానక్కర్లేదట, అదీ అడిగాను.

కోర్సు పూర్తయిన చీటీ మాత్రం పారేయకండి. ఈ వైరస్‌ని గుర్తుపెట్టుకునే మెమరీ కణాలు మిగిలి ఉంటాయి కాబట్టి ఇంకోసారి కరిస్తే సీరం అక్కర్లేదు, రెండు డోసులతో సరి.

మొత్తం ఖర్చు సబ్బు డబ్బులే. ఆ ఒక్క స్టార్ తీసింది కూడా సబ్బుకే, కుక్క కాటు గదిలో అదొక్కటీ పెట్టలేరా? 28వ రోజు వెళ్లేసరికి కుళాయి పక్కన నేను కొన్న బిళ్లే ఉంది, చిల్లపెంకంత అయిపోయి.